చెవులు కోసిన రైఫిల్

మా ఇంట్లో లైసెన్సు ఉన్న రైఫిల్ ఒకటి ఉందంటే ఇప్పటి పిల్లలు ముందు నమ్మరు. ఫోటో చూపిస్తే పెదవి విరుస్తారు. ఫోన్ ఆటల్లో వాళ్ళు చూసే తుపాకుల ముందు ఇది ఏపాటి? పొట్టి కర్ర, నల్ల ఇనుము, పైన దుర్భిణీ కూడా లేదు. ఇంకో రకం మనుషులున్నారు, తుపాకులు తెలిసినవాళ్ళు. వాళ్ళు ఫోటో చూడగానే "అయ్యో, చెవులు కోసేశారే!" అంటారు. నేను పెరిగింది ఈ రెండో రకం మాటల మధ్య.

చెవుల సంగతి తర్వాత చెప్తాను. ముందు తాతయ్య గురించి చెప్పాలి.

తాతయ్య నర్సీపట్నంలో కలప కాంట్రాక్టరు. చింతపల్లి వైపు కూపులు, అంటే కలప కొట్టుకోవడానికి వేలం వేసే అడవి ముక్కలు, పాడుకునేవాడు. 1957లో కలకత్తాలోని ఒక దుకాణం నుంచి ఈ రైఫిల్ తెప్పించాడు. ఆ కొండల్లో తుపాకీ లైసెన్సు అంటే అప్పట్లో పెద్ద తతంగమట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన నేల కదా. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి పదేళ్ళయినా ఆ భయం కాగితాల్లోంచి పోలేదని, తహసీల్దారు దగ్గర నుంచి కలెక్టరాఫీసు దాకా చెప్పులరిగాయని తాతయ్య నవ్వుతూ చెప్పేవాడు.

అప్పట్లో సైన్యం వాడే .303 తూటా రైఫిల్ (ఈ అంకెలు తూటా రకాల పేర్లు) మామూలు లైసెన్సు మీద ఇచ్చేవారు కాదు. అందుకే మన దేశంలో వేటగాళ్ళ చేతుల్లో ఎక్కువగా కనపడేది .315. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ సైన్యం కోసం చేసే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యంత్రాంగాన్నే తీసుకుని, గొట్టం మార్చి, కర్ర తగ్గించి పౌరులకి అమ్మింది. తాతయ్య దాన్ని వద్దనుకుని అమెరికా తూటా .30-06 పేలే రైఫిల్ కొన్నాడు. ఆయన నోట్లో దాని పేరు "తర్టీ సిక్సు". నాన్న ఉద్యోగం విశాఖపట్నంలో. తాతయ్యకి వయసైపోయాక ఆయనా, ఆయన ఇనప్పెట్టే, ఆ తుపాకీ మహారాణిపేటలోని మా అద్దె ఇంటికి వచ్చేశాయి.

అక్కడే మొదలైంది తుప్పు గొడవ. సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. కిటికీ ఊచలే రెండేళ్ళకి పెచ్చులూడిపోయే ఊళ్ళో తుపాకీ గొట్టం ఎలా ఆగుతుంది? నవమి నాడు ఆయుధ పూజకని బామ్మ దాని నిండా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. ఆ తడి పసుపు కిందే ముందు తుప్పు పుట్టేది. దసరా వెళ్ళగానే దాన్ని దుప్పట్లో చుట్టి, లైసెన్సు పుస్తకం చేత్తో పట్టుకుని, రిక్షాలో వన్ టౌన్‌కి బయల్దేరేవాళ్ళు నాన్న. వెనకాలే నేను.

వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దాటాక ఒక సందులో తుపాకుల దుకాణం ఉండేది. దాని వెనక గదిలో హవల్దార్ మావయ్య రిపేరు బల్ల. మా అమ్మకి వరసకి అన్న. సైన్యంలో ఆయుధాలూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ కోర్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల మరమ్మతు పనివాడిగా చేసి, పెన్షన్ మీద వచ్చి, ఆ దుకాణం లైసెన్సు కింద పని చేసేవాడు. గదిలో కిరసనాయిలు వాసన, అవిసె నూనె వాసన. గోడకి వరసగా ఆకురాళ్ళు. మధ్యలో సీలేరు ప్రాజెక్టు క్యాలెండరు ఒకటి ఏళ్ళ తరబడి అదే నెల దగ్గర ఆగిపోయి ఉండేది.

"మళ్ళీ పసుపు పూసేసిందా మీ బామ్మ? కర్ర మీద ఎంత కావాలంటే అంత పెట్టుకోమను. ఇనుం మీద వద్దని సెప్పు." ప్రతి ఏడూ మొదటి మాట ఇదే.

ఆయన రైఫిల్ విప్పే పద్ధతి చూడాలి. ముందు బోల్టు, అంటే తూటాని గొట్టంలోకి తోసి వెనక నుంచి మూసే ఇనప కడ్డీ, లాగేవాడు. తర్వాత కింద రెండు మరలు. అంతే, ఇనుము ఒక చేతిలోకి, కర్ర ఇంకో చేతిలోకి వచ్చేసేవి. గొట్టంలోకి గరాటు పెట్టి సలసల కాగే నీళ్ళు పోసేవాడు. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే టోపీల్లో ఉండే రసాయనం పేలాక ఉప్పులా గొట్టంలో మిగిలిపోతుందట, నూనెకి అది కరగదు, నీళ్ళకే కరుగుతుంది. తర్వాత గొట్టంలోంచి దూర్చి లాగే పుల్‌త్రూ తాడుకి గుడ్డ పీలిక కట్టి లాగడం నా పని. తెల్లగా వచ్చేదాకా లాగాలి. అది అయ్యాక గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి "సూడు" అనేవాడు. లోపల అయిదు గాడులు ఎడమ వైపు మెలికలు తిరుగుతూ మెరిసేవి.

చివరికి బోల్టు పెట్టి గేజీలు చూసేవాడు. గొట్టం వెనక భాగంలోని తూటా గూట్లో తూటా కూర్చున్నాక దాని వెనక బోల్టు ముఖానికి ఎంత సందు ఉందో చూడటం అది. హెడ్‌స్పేస్ అంటారు. గో గేజీ మీద బోల్టు మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. సందు ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి తొట్టె చీలి, గాలి వెనక్కి కంటి మీదకి తన్నుతుంది. మిగతా విషయాల్లో ఎన్ని హాస్యాలాడినా గేజీ చేతిలో ఉన్నప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు.

ఇక ఆ రైఫిల్ పుట్టుపూర్వోత్తరాలు. నాకు అక్షరాలు కూడబలుక్కునే వయసు వచ్చాక, ఆయన భూతద్దం ఇచ్చి నా చేతే చదివించాడు. గొట్టం వెనక ఉక్కు మీద "యు.ఎస్. మోడల్ ఆఫ్ 1917", దాని కింద "ఎడ్డీస్టోన్". ఎడ్డీస్టోన్ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఊరు. అక్కడి కార్ఖానా మొదట ఇంగ్లండుకి .303 రైఫిళ్ళు చేసిచ్చింది. 1917లో అమెరికా కూడా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి వాళ్ళ సైన్యానికి చాలినన్ని స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు లేవు. అవే యంత్రాల మీద, అదే నమూనాని .30-06 తూటాకి మార్చి చేసేశారు. వించెస్టర్, రెమింగ్టన్, ఎడ్డీస్టోన్ మూడు చోట్లా కలిపి ఇరవై లక్షలు దాటాయి, అందులో సగానికి పైగా ఎడ్డీస్టోన్‌వే. ఏ కార్ఖానా ముక్క మీద ఆ కార్ఖానా అక్షరం కొట్టేవారు.

తర్వాత కర్ర. గొట్టం కూర్చునే గాడి అంచున, వార్నీషు కింద, చిటికెన గోరంత ఎర్ర రంగు మరక. నేను కుంకుమ అనుకున్నాను.

"కుంకం కాదురా. ఇది లండనోళ్ళ బొట్టు."

1940లో డంకర్క్ నుంచి ఇంగ్లీషు సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ ఆయుధాలు చాలా వరకు ఫ్రాన్సులోనే వదిలేసింది. ఊళ్ళని కాపాడటానికి హోం గార్డు దళాలు పెట్టుకున్నారు, వాళ్ళకి తుపాకుల్లేవు. అమెరికా గోదాముల్లో నూనె పూసి పడుకోబెట్టిన ఈ 1917 రైఫిళ్ళు లక్షల్లో ఓడలెక్కి వెళ్ళాయి. చిక్కేమిటంటే వీటి అన్నదమ్ములు, అదే రూపంలో .303 తూటావి, అప్పటికే ఇంగ్లండులో ఉన్నాయి. చీకట్లో ఒకదాని తూటా ఇంకోదాంట్లో దూర్చేస్తే? అందుకని అమెరికా తుపాకుల కర్ర చుట్టూ ఎర్ర పట్టీ వేశారు. 1944 డిసెంబరులో హోం గార్డుని ఇంటికి పంపేశాక వీటితో పని లేకపోయింది.

గొట్టం మీద ఇంకో గుర్తు, కిరీటం బొమ్మ, కింద అక్షరాలు, పక్కన టన్నుల్లో ఒక అంకె. అది బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఇంగ్లండులో సైన్యం తుపాకీ బజార్లో అమ్మాలంటే ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకుందని ముద్ర వేయించాలి. అక్కడే ఏదో వర్క్‌షాపులో దీన్ని వేటకి పనికొచ్చేలా మార్చారు. తర్వాత కలకత్తా, ఆ తర్వాత నర్సీపట్నం.

ఏం మార్చారో కూడా మావయ్య వేలుపెట్టి చూపించేవాడు. సైన్యంలో ఉన్నప్పుడు దీని కర్ర గొట్టం చివరిదాకా ఉండేది, పైన కూడా కర్ర మూత. ఆ ముందు భాగం కోసేశారు. ఎర్ర పట్టీ దాదాపు మొత్తం ఆ ముక్కతోనే పోయింది. ఇరవయ్యారు అంగుళాల గొట్టంలో రెండంగుళాలు తీసేశారు. కార్ఖానా వాళ్ళు గొట్టం తయారైన నెలా సంవత్సరం ముందు గురి వెనకాల కొడతారు, కాబట్టి మన రైఫిల్ పుట్టిన తేదీ కూడా ఆ రెండంగుళాల్లోనే పోయింది. కడుపు ఉబ్బెత్తుగా ఉండే మ్యాగజైన్‌ని తిన్నగా చేశారు. ఇక చెవులు. ఈ నమూనాకి వెనక గురి కన్ను దగ్గర ఉంటుంది, దానికి రెండు పక్కలా దెబ్బ తగలకుండా ఉక్కు రెక్కలు లేస్తాయి. వాటినే చెవులంటారు. వేట రైఫిల్‌కి అవి అడ్డం, చూడటానికీ మోటు. అందుకని వాటిని నున్నగా అరగదీసేసి, గొట్టం మీద మామూలు వి-గురి అతికారు.

ఇంత జరిగినా మావయ్య ఆ కోసినవాణ్ణి ఎప్పుడూ తిట్టలేదు. "పనోడు. ఎక్కడ ఆపాలో తెలుసు. పేరూ నంబరూ ముట్టుకోలేదు సూడు" అనేవాడు.

నాక్కూడా ఆ పనిలో తప్పు కనపడదు. నాలుగు కిలోలు దాటిన, దాదాపు నాలుగడుగుల తుపాకీ భుజాన వేసుకుని లంబసింగి కనుమ ఎక్కి చూడండి. వెదురు పొదల్లో ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది. పైగా ఆ కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలే. నిలువెల్లా కర్ర ఉన్న తుపాకీకి ఆ చెమ్మకి కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకి నొక్కుతుంది, గురి తప్పుతుంది. ముందు కర్ర తీసేస్తే ఆ బాధ తగ్గుతుంది. తాతయ్యకి కావలసింది పనిముట్టు. మ్యూజియం ముక్క కొనుక్కునే స్తోమత, సరదా ఆయనకి లేవు. కూపుల పక్కన పంట తొక్కే అడవిపందుల మీద దాన్ని వాడాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని తర్వాత ఆయన మళ్ళీ అడవికి తుపాకీ తీసుకెళ్ళలేదు.

నా లెక్కలో అక్కడే గీత ఉంది. పని ఉన్నంత కాలం కోత న్యాయం. పని అయిపోయాక కోసేది సరదాకే.

ఆ సరదాలు మావయ్య బల్ల దగ్గర చాలా చూశాను. వేట ఆగిపోయాక తుపాకీ పరువు కోసం గోడకెక్కింది. గోడకెక్కాక మెరవాలి కదా! పాత ఎస్టేటు కుటుంబం వాళ్ళు ఒకరు మంచి మౌజర్ రైఫిల్ తెచ్చి క్రోమియం పూత వేయించమన్నారు, కారు బంపర్‌లా తళతళలాడాలట. పూత వేయాలంటే ముందు బఫింగ్ చక్రం మీద పట్టాలి. పట్టారంటే దాని మీద ఉన్న నంబరు, ముద్రలు, అక్షరాల అంచులు అన్నీ కరిగిపోతాయి. "నంబరు సెరిగితే మీరూ నేనూ ఇద్దరం లోపలికే బాబూ" అని దండం పెట్టి పంపించేశాడు. ఆయుధ చట్టం ప్రకారం అది నిజమే, గుర్తింపు అంకె చెరపడం నేరం. గొట్టం పొట్టి చేయడానికి కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు, దానికీ లైసెన్సు ఉండాలి. వాళ్ళు వేరే ఊళ్ళో పని కానిచ్చేశారని తర్వాత విన్నాం. ఇంకొకాయన రోజ్‌వుడ్ కర్ర చేయించి దాని మీద నెమలి చెక్కించాడు. నెమలి మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి.

ఇప్పుడు బావ.

మా మేనత్త కొడుకు. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, 1970ల్లో అమెరికా వెళ్ళి టెక్సాస్‌లో స్థిరపడిన డాక్టరు. చిన్నప్పుడు తాతయ్య వెంట కూపులకి తిరిగినవాడు, అందుకని అక్కడికి వెళ్ళాక తుపాకుల పిచ్చి ముదిరింది. ఆయన రాసే నీలి ఉత్తరాల్లో సగం ఆ కబుర్లే. రెండో యుద్ధం అయ్యాక అక్కడ సైన్యం మిగులు రైఫిళ్ళు ఎంత చవకగా దొరికేవో రాసేవాడు. స్ప్రింగ్‌ఫీల్డులు, జర్మన్ మౌజర్లు, లీ ఎన్‌ఫీల్డులు పత్రికల్లో ప్రకటన చూసి కూపను నింపి డబ్బు పంపితే పోస్టులో ఇంటికొచ్చేసేవట. కొత్త వేట రైఫిల్ కొనలేని రైతులూ కూలీలూ ఇవి కొనుక్కుని, ఇంటి వెనక షెడ్డులో రంపంతో కర్ర కోసుకుని జింకల వేటకి పోయేవారు. 1963లో కెనడీని కాల్చింది కూడా అలా పోస్టులో వచ్చిన ఇటలీ మిగులు రైఫిల్‌తోనే. 1968లో చట్టం తెచ్చి పోస్టు అమ్మకాలు, మిగులు తుపాకుల దిగుమతి ఆపేశారు. ఆ దెబ్బకి సరుకు రావడం తగ్గిపోయింది. కోయకుండా మిగిలిన వాటికి మెల్లగా గిరాకీ పెరిగింది. కోసినవాటిని చూసి నవ్వే కాలం వచ్చింది.

బావ కూడా ఆ నవ్వేవాళ్ళలో చేరిపోయాడు. 1990ల్లో ఒక సంక్రాంతికి కొడుకుని తీసుకుని వచ్చాడు. అప్పటికి తాతయ్య లేడు, లైసెన్సు నాన్న పేరుకి మారింది. కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక రైఫిల్ బయటకి తీశాం. చిన్నప్పుడు దాన్ని మోసిన మనిషి, ఇన్నేళ్ళకి చేతిలోకి తీసుకుని, మొదట అన్న మాట: "ఎంత పాడుచేసేశారురా దీన్ని!"

దాన్ని మళ్ళీ అసలు రూపంలోకి తెస్తానన్నాడు. అమెరికాలో పాత కర్రలు దొరుకుతాయి, పైన మూత దొరుకుతుంది, వెనక గురి దొరుకుతుంది. చెవులు ఉక్కుతో చేసి వెల్డింగ్ పెట్టించొచ్చు, అక్కడ ఆ పనిలో దిట్టలున్నారు. ఖర్చంతా తనదే. పద్నాలుగేళ్ళ కొడుకుది ఇంకో గోల. వాడికి పాతా కొత్తా పట్టింపు లేదు. ప్లాస్టిక్ కర్ర వెయ్యాలి, పైన నాలుగు చిల్లులు పొడిచి స్కోపు బిగించాలి. తండ్రీ కొడుకులు మా వరండాలో ఇంగ్లీషులో కొట్టుకుంటుంటే నాన్న మెల్లగా "హవల్దార్ని పిలిపిద్దాం" అన్నారు.

మావయ్య సాయంత్రం వచ్చాడు. అరిసెలు తిన్నాడు, కాఫీ తాగాడు, అంతా విన్నాడు.

"డాక్టరు బాబూ, ఇది గట్టిపడేలా కాచిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిల్తే దాని గుణం మారిపోద్ది. ఆ తర్వాత దీన్ని పేల్చమని నేనైతే సెప్పను. సరే, పేల్చం, సూడ్డానికే అంటావు. కర్ర కొత్తది తెస్తావు. మరి దాని మీద ఎర్ర పట్టీ?"

"వేయిస్తాను."

"ఎవరి సేత?"

బావ దగ్గర దానికి జవాబు లేదు. మావయ్య వదల్లేదు. బర్మింగ్‌హామ్ ముద్ర పడింది కోసిన తుపాకీకి, నువ్వు చెవులు పెట్టాక ఆ ముద్ర ఎందుకుందో ఎవరికైనా ఎలా చెప్తావు అన్నాడు. కుర్రాడి వైపు తిరిగి, "ఒరే గుంటడా, స్కోపు ఎందుకురా? ఇక్కడ నువ్వు కొట్టేదేటి, కాకుల్నా?" అన్నాడు. వాడికి తెలుగు సగమే వచ్చు గానీ విషయం అర్థమైంది.

ఆ రోజు నాకు మావయ్య మాట నచ్చింది. ఇప్పటికీ అదే నా మాట. కోయని తుపాకీ, అన్ని ముక్కల మీదా ఒకే కార్ఖానా అక్షరం ఉన్న తుపాకీ ఎవరి దగ్గరైనా ఉంటే దాని మీద రంపం పెట్టడం పాపం. అలాంటివి ఇక పుట్టవు. కానీ ఎప్పుడో దశాబ్దాల కిందట కోసిన దానికి కొత్త చెవులు అతికించి అసలుదని చూపించడం అంతకంటే మంచి పనేమీ కాదు. తాతయ్య వాడింది కోసిన రైఫిల్‌ని. దాని మీద ఉన్న గీతలు ఆయన గీతలు. బావ కొడుకు సంగతి వేరు. టెక్సాస్‌లో ఏటా జింకల వేటకి పోయే మనిషి, అప్పటికే ఎవరో కోసేసిన చవక రైఫిల్‌కి చిల్లులు పొడిచి స్కోపు పెట్టుకుంటానంటే నేను అడ్డం చెప్పను. వాడికి పని ఉంది. మాకు లేదు.

బావకి కోపం వచ్చింది. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. భీమిలి వెళ్ళి చేపలు తిని వచ్చాక చల్లబడ్డాడు.

తర్వాత ఆ రైఫిల్‌కి కష్టాలు ఇంకో వైపు నుంచి వచ్చాయి. ప్రతి ఎన్నికకీ లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమనేవారు. వెళ్ళేటప్పుడు నూనె రాసి గుడ్డ చుట్టి ఇచ్చేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి గుడ్డ ఉండేది కాదు. ఒకసారి కర్ర మీద కొత్త నొక్కు, దానికి దారంతో కట్టిన చీటీ మీద వేరే వాళ్ళ పేరు! నంబరు చూసి మాదే అని నిర్ధారించుకున్నాం. ఆ నొక్కుని తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో లేపేస్తానని మావయ్య అంటే నాన్న వద్దన్నారు. పోనీ, అదీ ఉండనీ అన్నారు. ఈ ఉండనిచ్చే జబ్బు ఇంట్లో అందరికీ పట్టుకుందని అమ్మ గొణిగేది. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది గదా, ఉన్నవాటికి రేట్లు పెరిగిపోయాయి. కొంటామని వచ్చినవాళ్ళకి నాన్న కాఫీ ఇచ్చి పంపేవారు.

2002లో ఆర్‌కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం తెరిచినప్పుడు మావయ్యని తీసుకెళ్ళాను. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన జలాంతర్గామి, ఇసుక మీదకి లాక్కొచ్చి నిలబెట్టారు. నేను లోపలి పైపులూ మీటర్లూ చూసి ఆశ్చర్యపోతుంటే ఆయన జనం ఎక్కి దిగడానికి పొట్టకి కోసిన తలుపుల అంచుల్ని తడుముతున్నాడు. "మంచి కోత. ఇది కొయ్యకపోతే నాబోటి ముసలోడు నిచ్చెన దిగి లోనకి రాగలడా?" అన్నాడు. దాని తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆయన గేజీలు, ఆకురాళ్ళు దుకాణం వాళ్ళే ఉంచుకున్నారు. ఆ దుకాణం కూడా ఇప్పుడు అక్కడ లేదు.

2019 చివర్లో చట్టం మారి ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు. మా లైసెన్సు మీద మూడు ఉన్నాయి. ఈ రైఫిల్, తాతయ్య జోడు గొట్టాల తుపాకీ, నాన్న సరదాపడి కొన్న .22. ఎలాగూ కోసేసిన సరుకు కదా, రైఫిలే ఇచ్చేయమని చుట్టాలు సలహా ఇచ్చారు. నేను .22 ఇచ్చేశాను.

బావ మాత్రం ఊరుకునే మనిషి కాదు. వరండాలో గొడవ జరిగిన రెండు మూడేళ్ళకి అక్కడే ఒక 1917 కొన్నాడు. ఎడ్డీస్టోన్‌దే, చెవులతో సహా, నిలువెల్లా కర్రతో. ఎవరూ ముట్టుకోని అసలు సిసలు ముక్క అని, ప్రతి భాగానికీ దగ్గర నుంచి ఫోటోలు తీసి లావుపాటి కవరులో పంపించాడు. వాటిని మావయ్యకి చూపించమని కింద గీత గీసి మరీ రాశాడు. మావయ్య అప్పటికి ఇంట్లోనే ఉంటున్నాడు, చూపు తగ్గింది. ఎండలో కూర్చుని, భూతద్దం పెట్టి ఒక్కో ఫోటో చూశాడు. బోల్టు పిడి ఫోటో దగ్గర ఆగాడు. దాని మీద "ఆర్" ఉంది. అంటే రెమింగ్టన్. గొట్టం ఫోటోలో ముందు గురి వెనక "జేఏ" అక్షరాలు. అంటే జాన్సన్ ఆటోమేటిక్స్, రెండో యుద్ధంలో అరిగిపోయిన గొట్టాలకి బదులు కొత్తవి చేసిచ్చిన కంపెనీ. సైన్యమే దాన్ని ఎప్పుడో విప్పి, కుప్పలోంచి చేతికందిన బోల్టు వేసి, గొట్టం మార్చి మళ్ళీ గోదాములో పెట్టింది. మావయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ సంగతి రాయడానికి నాకే మొహమాటం వేసింది, అయినా రాశాను.

అప్పటి నుంచి బావ ఎడ్డీస్టోన్ గుర్తయిన "ఈ" అక్షరం ఉన్న బోల్టు కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఈ మధ్య ఫోన్ చేశాడు. దొరికిందట. కానీ ఇప్పుడు కొత్త టెన్షన్ పట్టుకుంది. సైన్యం వేసిన బోల్టు తీసేసి తను కొన్నది వేస్తే తుపాకీ అసలు రూపానికి వచ్చినట్టా, తను పాడుచేసినట్టా? వెయ్యమంటావా వద్దా అని నన్నే అడిగాడు.

వేసే ముందు హెడ్‌స్పేస్ చూపించుకో బావా అన్నాను.